బడీ, మగ్గమూ, ఊరి శివారూ

విద్యను గురించి మాట్లాడే హక్కు మన దేశంలో అందరికీ వుంది, విద్యార్థికి తప్ప. మంత్రులు మాట్లాడతారు, కమిషన్లు మాట్లాడతాయి, తలిదండ్రులూ ఉపాధ్యాయ సంఘాలూ మాట్లాడతారు. రోజూ పొద్దుటినుంచి సాయంత్రందాకా బడిలో కూర్చునే పదిహేనేళ్ళ కుర్రవాణ్ణి మాత్రం, నీకు ఇక్కడ నేర్పుతున్నదేమిటి, అది నీ బతుకును నీకు ఏమన్నా తెలియజెబుతున్నదా అని ఎవరూ అడగరు. ఒకవేళ అడిగినా, వాడి జవాబు చిన్నతనం కింద పోతుంది గాని చరిత్రకు ఆధారంగా నిలవదు.

చరిత్ర పాఠం చెప్పేవాణ్ణిగా నేను హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కుర్రకారును కొన్నేళ్ళుగా ఈ ప్రశ్న అడుగుతూ వస్తున్నాను. వాళ్ళు చెప్పేది విన్నకొద్దీ అది చిన్నతనం కాదనీ, దాని వెనక రెండు వందల ఏళ్ళ చరిత్ర వుందనీ నాకు నమ్మకం కుదిరింది. ఆ చరిత్రను పాఠకుల ముందు పెట్టడమే ఈ వ్యాసం పని.

ముందు ఆ ఊళ్ళను చూద్దాం. మూడూ ధర్మవరంనుంచి బెంగుళూరు పోయే రైలుదారిమీద వున్నాయి. మూడూ 2022 ఏప్రిల్లో అనంతపురం జిల్లానుంచి విడివడి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. ధర్మవరంలో పట్టుచీరలు నేస్తారు. హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టు వుంది. పక్కనే తూముకుంట పారిశ్రామికవాడ వుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019నుంచి కియా కంపెనీ కార్లు తయారు చేస్తున్నది. మూడు చోట్లా ఊరు తన పాత పొలిమేర దాటి పెరిగింది. నేతపనివాళ్ళ కాలనీలు, ఫ్యాక్టరీ కూలీల అద్దెగదులు, నిన్నటిదాకా వేరుశనగ పండిన నేలమీద హద్దురాళ్ళు పాతిన ప్లాట్లు - ఇదీ శివారు. నేను మాట్లాడిన పిల్లల్లో చాలామంది ఈ శివారువాళ్ళే.

వాళ్ళు చెప్పేదాన్ని మూడు మాటలుగా కూడగట్టవచ్చు. మొదటిది శివారును గురించి. ఇది పల్లె కాదు, పట్టణమూ కాదు. పల్లెలో వుండే చెరువుగట్టూ రచ్చబండా ఇక్కడ లేవు. పట్టణంలో వుండవలసిన గ్రంథాలయమూ ఆటస్థలమూ ఇంకా రాలేదు. ఆడపిల్లలు దీనికి మరొకటి కలుపుతారు: దీపంలేని దారి వాళ్ళ చదువుకు గంట కొడుతుంది, చీకటి పడితే ట్యూషనూ లేదు, స్నేహితురాలి ఇల్లూ లేదు. రెండోది పాఠాన్ని గురించి. పుస్తకంలో మా సీమ పేరు వస్తే అది రాజుకోసమే వస్తుందని వాళ్ళ ఫిర్యాదు. మూడోది అన్నిటికన్న చేదుది. బాగా చదివినవాడు రైలెక్కి వెళ్ళిపోతాడు, చదవలేనివాడు వుండిపోతాడు. కనక ఇక్కడ వుండడమంటేనే పరీక్ష తప్పినట్టు లెక్క. బడి ఈ మాటను ఏ పుస్తకంలోనూ రాయలేదు. అయినా పిల్లలు అన్ని పాఠాలకన్న బాగా నేర్చుకున్నది దీన్నే.

ఈ పాఠం ఎక్కడ మొదలయింది? 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్తమండలాలనే పేరు అప్పుడు వచ్చిందే. ఇక్కడ మొదటి కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో తరవాత మద్రాసు గవర్నరయి, 1822లో రాజధాని అంతటా బళ్ళ లెక్క తీయమని కలెక్టర్లకు ఉత్తర్వు చేశాడు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. అది 1882లో ఏర్పడింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బళ్ళారి జిల్లాలోనే వుండేవి. బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంప్‌బెల్, తెలుగు వ్యాకరణం రాసిన కాంప్‌బెల్, 1823 ఆగస్టు 17న తన నివేదిక పంపాడు. మన సీమ పిల్లలను గురించి ఇంత వివరంగా రాసిన పాత కాగితం నేను మరొకటి చూడలేదు.

అందులో లెక్క ఇది. జిల్లా జనాభా 9,27,857. బళ్ళు 533. వాటిలో కన్నడం బళ్ళు 235, తెలుగు బళ్ళు 226, మరాఠీ 23, సంస్కృతం 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు బడి ఒకే ఒకటి. చదివే పిల్లలు 6,641 మంది. అంటే వెయ్యిమంది జనానికి ఏడుగురు. మద్రాసు రాజధాని మొత్తంమీద 67 మందికొక విద్యార్థి వున్నట్టు మన్రో 1826లో లెక్క తేల్చాడు; బళ్ళారి జిల్లాలో 140 మందికొకడు. కరువు సీమకు చదువులోనూ కరువే.

ఆ బడి ఎలా నడిచేదో కాంప్‌బెల్ చూసి రాశాడు. పొద్దున్నే అందరికన్న ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు. వాడికి మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ. ఇసకలో వేలితో అక్షరాలు దిద్దడంతో చదువు మొదలయ్యేది. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు చెప్పేవారు. రామాయణ భారత భాగవతాలు అందరికీ వుండేవి. చేతిపనులవాళ్ళ పిల్లలకు విశ్వకర్మ పురాణంవంటివి అదనం. అయితే పద్యాల భాష వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు. పద్యం నోటికి వచ్చేది, అర్థం వచ్చేది కాదు. చిలకపలుకుల చదువును ఇంగ్లీషువాడు తెచ్చిపెట్టాడని నమ్మేవారు ఈ భాగాన్ని రెండుసార్లు చదవడం మంచిది.

ఈ నివేదికను మన కాలంలో రెండు పక్షాలవారు రెండు విధాల వాడుకున్నారు. ఇంగ్లీషువాడు రాకముందు ఈ దేశంలో చీకటి తప్ప మరేమీ లేదన్నవారికి 533 బళ్ళు సమాధానం చెబుతాయి. మరోపక్క, 1931లో లండన్‌లో గాంధీజీ మన పాత చదువును ఇంగ్లీషువాళ్ళు వేళ్ళు పెకలించిన చక్కని చెట్టుతో పోల్చాడు. ఆ పోలికనే పేరుగా పెట్టి 1983లో ధర్మపాల్ మన్రో నాటి లెక్కలన్నీ అచ్చువేశాడు. ఆ సేవ గొప్పది, కాదనను. కాని ఆ చెట్టు నీడ ఎవరి మీద పడిందో కూడా ఆ లెక్కలే చెబుతాయి. 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. ముస్లిం పిల్లలు 243 మంది. మిగిలిన మగపిల్లల్లో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతర కులాలవారు 1,174. శూద్రుల పిల్లలే ఎక్కువమంది వున్నారని చూపి సంతోషించేవారు, ఊళ్ళో వాళ్ళ జనాభా ఎంతో అడగడం మరచిపోతారు. అరవైమంది ఆడపిల్లలున్న చెట్టును చక్కని చెట్టని పిలవడానికి నాకు నోరు రాదు.

ఆ నివేదికలో రెండు పక్షాలవారూ తొందరగా దాటిపోయే చోటు ఒకటి వుంది. చదువు క్షీణించడానికి కారణమేమిటని కాంప్‌బెల్ తనను తానే ప్రశ్నించుకున్నాడు. దేశం క్రమంగా దరిద్రమవుతున్నదన్నాడు. ఇక్కడి నూలుబట్టల స్థానంలో విలాయతీ బట్ట వచ్చి చేతిపనులవాళ్ళ రాబడి తగ్గిపోయిందన్నాడు. మధ్యతరగతివారూ పేదలూ పిల్లల చదువు ఖర్చు భరించలేకుండా వున్నారనీ, లేత చేతులు కాస్త పనికి వంగగానే ఆ పని ఇంటికి అవసరమవుతున్నదనీ రాశాడు. జిల్లాలోని ఇన్ని బళ్ళలో ఒక్కదానికీ ప్రభుత్వం దమ్మిడీ ఇవ్వడంలేదని సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు. కంపెనీ కొలువులో వుండి కలెక్టరే రాసిన మాట ఇది. బడికీ మగ్గానికీ వున్న సంబంధాన్ని ఇంతకన్న సూటిగా చెప్పడం కష్టం. లాంకషైరులో మరమగ్గం తిరిగిన కొద్దీ మన సీమలో ఇసకమీద అక్షరాలు చెరిగిపోయాయి. మగ్గంమీద పన్ను విజయనగర రాజుల నాటినుంచీ వుంది. కంపెనీ దాన్ని మొహతర్ఫా పేరుతో వసూలు చేసింది. బట్ట అమ్ముడుపోక, పన్ను తప్పక, తండ్రి కొడుకును బడి మాన్పించాడు. 1823లో పిల్లవాడి చేతిని బడినుంచి లాక్కున్నది దరిద్రం.

నూట ముప్ఫయ్యేళ్ళ తరవాత అదే చేతిని ఒక సిద్ధాంతం అడిగింది. 1953 జూన్‌లో, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడడానికి మూడు నెలల ముందు, మన జిల్లా ఇంకా మద్రాసులో వుండగానే, రాజగోపాలాచారి ప్రభుత్వం గ్రామాల ప్రాథమిక పాఠశాలలకు కొత్త పథకం తెచ్చింది. పిల్లలు బడిలో రోజుకు మూడు గంటలు చదవాలి. తక్కిన పూట తండ్రి చేసే పని నేర్చుకోవాలి. శ్రమపట్ల గౌరవం పెంచడానికని చెప్పారు. చాకలి కొడుక్కు చాకిరేవు, సాలె కొడుక్కు మగ్గం, గుమాస్తా కొడుక్కు మాత్రం కాగితమూ కలమూ! ద్రావిడోద్యమమూ కమ్యూనిస్టులూ దీన్ని కులవిద్య అన్నారు, సరిగానే అన్నారు. 1954లో కామరాజు ముఖ్యమంత్రి అయిన తరవాత పథకం రద్దయింది.

రద్దయింది గాని చచ్చిపోలేదు. 1950లో అమలుకు వచ్చిన రాజ్యాంగం పదేళ్ళలో పద్నాలుగేళ్ళలోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య కల్పించాలన్నది. ఆ గడువు 1960లో దాటింది. చదువు ప్రాథమిక హక్కు కావడానికి 2002 సవరణ దాకా, దానికి చట్టం రావడానికి 2009 దాకా, అది అమలు కావడానికి 2010 ఏప్రిల్ 1 దాకా ఆగవలసివచ్చింది. ఆ హక్కయినా ఆరునుంచి పద్నాలుగేళ్ళవారికే. బాలకార్మిక చట్టం 1986లో వచ్చింది. ఇంటివాళ్ళ సాయంతో నడిచే పనిశాలకు అందులో మినహాయింపు ఇచ్చారు. 2016 సవరణ పద్నాలుగేళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదంటూనే, బడివేళలు కాని సమయంలోనూ సెలవుల్లోనూ కుటుంబ వృత్తిలో సాయం చేయవచ్చునని ఆ తలుపు తెరిచే వుంచింది. పద్నాలుగు దాటి పద్దెనిమిది నిండనివాళ్ళను ప్రమాదకరమైన పనుల్లో తప్ప ఎక్కడయినా పెట్టుకోవచ్చు. నేను మాట్లాడిన పిల్లల వయస్సు సరిగ్గా ఇది. విద్యాహక్కు వాళ్ళను పద్నాలుగో ఏట గుమ్మందాకా తెచ్చి వదిలేస్తుంది. పని అక్కడే నిలబడి చెయ్యి పట్టుకుంటుంది.

ధర్మవరం తెలియనివారికి కుటుంబ వృత్తి అనే మాట కమ్మగా వినిపిస్తుంది. తెలిసినవారికి అందులో షావుకారు కనిపిస్తాడు. మగ్గం ఇంట్లో వుంటుంది, పట్టూ జరీ షావుకారువి. నేసేది ఇంటిల్లిపాదీ, కూలి చీరకు ఇంత అని ఒక్కరికే. కండెలు చుట్టినందుకు పిల్లకూ, పడుగు పోగులు అతికినందుకు తల్లికీ వేరే లెక్క లేదు. ఈ ఏర్పాటులో పిల్లల శ్రమ తండ్రికి చేసే సాయంలాగా కనిపిస్తుంది గాని, నిజానికి అది షావుకారుకు ఉచితంగా పోతున్నది. ముడిపట్టు ధర పెరిగినా, చేనేతకే ప్రత్యేకించిన రకాలను 1985 చట్టానికి విరుద్ధంగా మరమగ్గాలమీద నేసి చవకగా అమ్మినా, దెబ్బ తగిలేది కూలికే. ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే ఊళ్ళో అప్పులు తీర్చలేక నేతకార్మికులు ఆత్మహత్యలు చేసుకున్నారు. 1823లో దరిద్రం, 1953లో సిద్ధాంతం, 2016లో చట్టం: వేషం మారింది, పట్టుకున్న చెయ్యి ఒకటే.

ఇక బడి సంగతి. పిల్లవాణ్ణి మగ్గం ఒకవైపు లాగుతుంటే బడి మరోవైపు ఏం చేస్తున్నది? మగ్గం లేనట్టు నటిస్తున్నది. చరిత్ర పుస్తకం తీస్తే 1565లో తళ్ళికోట యుద్ధం, అళియ రామరాయలు చనిపోవడం, తిరుమలరాయలు పెనుకొండకు రాజధాని తరలించడం వస్తాయి. రావలసిందే. కాని ఆ కోట గోడ రాళ్ళు మోసినవాళ్ళూ, కోటకు పన్ను కట్టిన మగ్గాలూ రావు. లేపాక్షి వీరభద్రాలయాన్ని గురించి చెప్పేటప్పుడు విరూపణ్ణ పేరు వస్తుంది, వేలాడే స్తంభం వస్తుంది. ఆ పైకప్పు చిత్రాల్లో స్త్రీలు కట్టిన చీరల గళ్ళూ అంచులూ ఎంత శ్రద్ధగా వేశారో చూసినవారికి తెలుసు. ఆ బట్ట నేసిందెవరని ఏ ప్రశ్నపత్రమూ అడగదు. మల్బరి తోటనుంచి పట్టుగూడు, హిందూపురం మార్కెట్టులో వేలంపాట, దారం తీయడం, మెలిపెట్టడం, రంగు, పడుగు, జాకార్డు అట్టలు, చీర, షావుకారు, బెంగుళూరు దుకాణం - ఈ గొలుసులో అర్థశాస్త్రం వుంది, రసాయనం వుంది, లెక్కలు వున్నాయి, చరిత్ర వుంది. జాకార్డు అట్టలో వుండే రంధ్రం, రంధ్రం లేకపోవడం అనే రెండు గుర్తుల పద్ధతినుంచే తొలి గణనయంత్రాలకు ఊహ వచ్చింది. కంప్యూటరు చదవడానికి బెంగుళూరు పోవాలని కలగనే పిల్లవాడు ఆ అట్టల కిందే నిద్రపోతాడు. వాడికి ఆ మాట చెప్పే పాఠం లేదు.

పెనుకొండలో ఈ దూరం మరో రూపంలో కనిపిస్తుంది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరి, సుమారు 536 ఎకరాల్లో ఫ్యాక్టరీ లేచింది. ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేసే శక్తి దానికుంది. పరిశ్రమల్లో నూటికి 75 ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని 2019లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. చుట్టుపట్ల గ్రామాల పిల్లలు ఆ గేటును చూస్తూ పెరుగుతున్నారు. వాళ్ళలో కొందరి మాట నన్ను ఆలోచనలో పడేసింది: ఫ్యాక్టరీ మా పొలాల్లో వుంది, మా పుస్తకాల్లో లేదు. భూసేకరణ అంటే ఏమిటి, కాంట్రాక్టు కార్మికుడికీ పర్మనెంటు కార్మికుడికీ తేడా ఏమిటి, ఎనిమిది గంటల పనిదినం ఎలా వచ్చింది, సంఘం పెట్టుకునే హక్కు ఎవరిచ్చారు - ఇవి తెలియకుండా ఆ గేటులోకి వెళ్ళే కుర్రవాడు, ఎంత చదివినా, కాంట్రాక్టరుకు కావలసినంత మటుకే చదివినవాడు. తూముకుంట దారిలో షిఫ్టుకు పోయే ఆడపిల్లకయినా అంతే.

ఇంగ్లీషు సంగతి కూడా ఇక్కడే చూడాలి. ప్రభుత్వ బళ్ళలో ఇంగ్లీషు మాధ్యమాన్నే పెడుతూ 2019 నవంబరులో వచ్చిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. తరవాత ఎదురెదురు పుటల్లో రెండు భాషలూ వుండే పుస్తకాలు వచ్చాయి. మన మేధావులు ఈ విషయంలో భాషాభిమానంతో చాలా రాశారు. పిల్లలు మాత్రం ఇంగ్లీషు కావాలంటారు, దాపరికం లేకుండా. ఇంగ్లీషు రాకపోతే బెంగుళూరులో కాపలా పని, వస్తే కుర్చీ పని అని వాళ్ళు చూసి తెలుసుకున్నారు. దీన్ని బానిస బుద్ధి అనేవారు తమ పిల్లలను ఏ బడికి పంపుతున్నారో ముందు చెప్పాలి. ఇంగ్లీషు కావాలన్న పిల్లల కోరిక న్యాయమైనది. అర్థం కాని భాషలో చిలకపలుకులు పలికించడం మాత్రం 1823నాటి పద్యపాఠమే. అప్పుడు కావ్యభాష, ఇప్పుడు ఇంగ్లీషు. భాష నేర్పడం వేరు, భాష చాటున అర్థాన్ని దాచడం వేరు.

ఇంతవరకూ పిల్లల పక్షాన చెప్పాను. వాళ్ళతో నాకు పేచీ వున్న చోటు కూడా చెప్పాలి. ఇక్కడ వుండిపోవడం ఓటమి అనే మాటను నేను ఒప్పుకోను. రైలెక్కి పోయినవాడికి అక్కడ దొరికేది కూడా చాలాసార్లు మరో శివారే. బెంగుళూరు అంచున పదిమందితో పంచుకునే గది, దూరపు షిఫ్టు, గ్రంథాలయం లేని వీధి. ఊరు మారితే శివారు మారదు, ఎందుకంటే శివారును తయారు చేస్తున్నది దూరం కాదు. పనివాడి శ్రమ మీద ఊరు బతుకుతూ పనివాణ్ణి ఊరి బయట పెట్టే ఏర్పాటు. ఈ సంగతి పిల్లలకు తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు. చెప్పవలసిన చోట చెప్పకపోవడం మన వృత్తిలో వున్న లోటు.

పిల్లలకు చేతిపని నేర్పమంటున్నారా, అది 1953 పథకమే గదా, అని కొందరు మిత్రులు నన్నడిగారు. రెంటికీ నేలకూ నింగికీ వున్నంత తేడా వుంది. ఆ పథకం సాలె కొడుకును మాత్రమే మగ్గం దగ్గరికి పంపింది. నేననేది మగ్గాన్ని అందరి పుస్తకంలోకి తెమ్మని. శ్రమను ఒక కులం పిల్లలకు విధిగా రాసిపెట్టడం కులవిద్య. శ్రమను పిల్లలందరికీ విజ్ఞానంగా బోధించడం ప్రజావిద్య. డాక్టరు కూతురు కూడా చీర కూలి ఎలా లెక్కకడతారో చదవాలి. నేతగాడి కూతురు పద్దెనిమిదేళ్ళు నిండేదాకా కూలి కోసం ఒక్క కండె కూడా చుట్టనవసరం లేకుండా చదవాలి. ఈ రెండూ కలిస్తేనే చదువు. మొదటిది లేకపోతే బడి పిల్లలకు తమ ఇల్లు చూసి సిగ్గుపడడం నేర్పుతుంది. రెండోది లేకపోతే ఎంత మంచి పాఠమయినా ఖాళీ బెంచీకి చెప్పినట్టే.

అంచేత అడగవలసినవి స్పష్టంగా వున్నాయి. ఉచిత విద్యాహక్కు పద్నాలుగు దగ్గర ఆగకుండా పద్దెనిమిది దాకా సాగాలి. బాలకార్మిక చట్టంలో కుటుంబ వృత్తి మినహాయింపు పోవాలి. అది పోవాలంటే పిల్లల చేతులు అవసరం లేనంతగా నేతకూలి పెరగాలి. కూలి పెంచకుండా మినహాయింపు ఒక్కటే తీసేస్తే చట్టం తల్లిని నేరస్థురాలిని చేసి షావుకారును వదిలేస్తుంది. కొత్త కాలనీకి ప్లాటు గీసేటప్పుడే గ్రంథాలయానికీ ఆటస్థలానికీ దీపాలున్న దారికీ చోటు గీయాలి. ఇవి ప్రభుత్వాన్ని అడగవలసినవి.

ఒకటి మాత్రం ఏ ఉత్తర్వూ అక్కరలేకుండా ఉపాధ్యాయులే చేయవచ్చు. పదో తరగతి పిల్లల చేత తమ వీధి చరిత్ర రాయించవచ్చు: ఈ నేల ముందు ఎవరిది, ఎప్పుడు ప్లాటయింది, ఇంట్లో ఎవరెవరు ఏ పని చేస్తారు, ఆ పనికి కూలి ఎవరు నిర్ణయిస్తారు, అమ్మమ్మ ఎంతవరకు చదివింది, ఎందుకు మానేసింది. ఇలాంటి కాగితాలు వందయితే అది కాంప్‌బెల్ నివేదికకన్న విలువయిన ఆధారమవుతుంది. 1823లో ఒక దొర మన పిల్లలను లెక్కపెట్టి రాశాడు. పిల్లలు ఏమనుకుంటున్నారో రాయలేదు, వాళ్ళను ఎవరూ అడగలేదు గనక. రెండు వందల ఏళ్ళు అడగకుండా గడిపాం. అడిగితే వాళ్ళు చెబుతారు. చెప్పింది విని ఏం చేస్తామన్నదే మనకు పెట్టిన పరీక్ష.